పాలకొండ రోడ్డులో ఫిజియో క్లినిక్ పెడుతున్నాను, ఈ కొటేషన్‌లో ఏవి కొట్టేయమంటారు?

కొత్త ఫిజియో, శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయ్యాక మూడేళ్లు విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేసి ఇప్పుడు ఇంటికొచ్చేశాను. పాలకొండ రోడ్డు వైపు ఒక కింది వాటా అద్దెకు తీసుకున్నాను. ముందు గది 12 అడుగులకు 22, వెనక చిన్న గది, బాత్రూమ్. చేతిలో ఉన్నది నాలుగు లక్షలు, అందులో సగం నాన్నగారి పీఎఫ్ డబ్బు, అదీ నా టెన్షన్. సప్లయర్ కొటేషన్ చూస్తే ఆరున్నర లక్షలకు తేలింది. షార్ట్‌వేవ్ డయాథర్మీ (ఒంటి లోపలి దాకా వేడి పెట్టే మిషను), నొప్పికి కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్, లేజర్, మెడనీ నడుమునీ సాగదీసే ట్రాక్షన్, వ్యాక్స్ బాత్ (కరిగిన మైనంతో వేడి పెట్టేది), సీపీఎం (మోకాలిని దానంతటదే వంచి చాపే మిషను), తొడ కండరాలకు క్వాడ్రిసెప్స్ టేబుల్, భుజం తిప్పడానికి షోల్డర్ వీల్, ప్యారలల్ బార్స్ (పట్టుకుని నడవడానికి జంట కడ్డీలు), టిల్ట్ టేబుల్ (పడుకోబెట్టి మెల్లగా నిలువుగా లేపే బల్ల), ట్రెడ్‌మిల్. ఏది తీసేయమన్నా "అది లేకపోతే క్లినిక్‌లా కనబడదండీ" అంటున్నాడు. నాకు వచ్చేది ఎక్కువగా మోకాళ్లు, నడుము, భుజం పట్టేసినవాళ్లు, పక్షవాతం, బైకు యాక్సిడెంట్లు అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత ఫిజియో, విజయనగరం:
తమ్ముడూ, ముందు ఆ కాగితం మడిచి పక్కన పెట్టు, టేపు పట్టుకుని గది కొలువు. ప్యారలల్ బార్స్ పది అడుగులు, రెండు చివర్లా మనిషి తిరగడానికి, వీల్‌చెయిర్ తిప్పడానికి ఇంకో నాలుగేసి అడుగులు, అంటే 22లో 18 అక్కడే పోయాయి. ఇక ట్రెడ్‌మిల్ ఎక్కడ పెడతావు, నెత్తి మీదా? అది కొట్టేయ్. లేజర్ కొట్టేయ్. టిల్ట్ టేబుల్ మంచం మీంచి లేవలేని కేసులకు, వాళ్లు నీ క్లినిక్ దాకా ఎలాగూ రారు, నువ్వే ఇంటికి వెళ్లాలి. సీపీఎం మోకాలి మార్పిడి అయిన కొత్తలో కొన్నాళ్లు వాడేది, అవసరం పడితే అద్దెకు తెచ్చుకోవచ్చు.

డయాథర్మీ కూడా వద్దు, నా మాట విను. 27.12 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఆ మిషను పక్కన ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటివి పెట్టకూడదు, కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలి, ఇనప మంచం పనికిరాదు, చెక్కదే కావాలి. ఒంట్లో రాడ్డు, ప్లేటు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు పెట్టకూడదు. యాక్సిడెంట్ కేసులు వస్తాయంటున్నావు, వాళ్లలో సగం మందికి లోపల రాడ్లే కదా!

ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్ విడివిడిగా తీసుకో. మూడూ ఒకే పెట్టెలో ఉన్నది చూడటానికి బాగుంటుంది, దాని బోర్డు పోయిన రోజు మాత్రం మూడూ ఆగిపోతాయి. అల్ట్రాసౌండ్‌లో 1, 3 మెగాహెర్ట్జ్ రెండూ ఉండాలి, లోతు కండరానికి ఒకటి, పైపై వాటికి మూడు. కొనేముందు హెడ్డు (ఒంటి మీద రుద్దే భాగం) మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి ఆన్ చేయించు, నీళ్లు అదిరి తుంపర లేవకపోతే అది పనిచేయడం లేదు. నేను ఈ పని చేయకుండా ఒకటి తెచ్చుకుని రెండు నెలలు ఉత్త జెల్లు రుద్దాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మంచాలు, మ్యాట్ (వ్యాయామం చేయించే వెడల్పాటి బల్ల) మన వడ్రంగి చేత చేయించు. మ్యాట్ ఎత్తు వీల్‌చెయిర్ సీటుకు సమానంగా రావాలి, పద్దెనిమిది ఇరవై అంగుళాలు, అప్పుడే పక్షవాతం మనిషి ఇటునుంచి అటు జరగగలడు. ప్యారలల్ బార్స్ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు కానీ ఎత్తు మార్చుకునేలా పిన్నులు పెట్టించు, మన ఊళ్లో నాలుగున్నర అడుగుల అవ్వలూ వస్తారు, ఆరడుగుల కుర్రాళ్లూ వస్తారు. గోడకు నిలువెత్తు అద్దం, కప్పీ, తాడు, నాలుగు రంగుల థెరాబ్యాండ్లు (సాగే రబ్బరు పట్టీలు), ఇసుక సంచులు, కీలు ఎంత వంగుతోందో కొలిచే గోనియోమీటర్. రోజూ చేతిలో ఉండేవి ఇవే.

నరసన్నపేట ఫిజియో:
గురువుగారూ, డయాథర్మీ సంగతి ఒప్పుకుంటాను గానీ వేడి అనేదే లేకపోతే మన వైపు జనం రెండోసారి రారు. వ్యాయామం చేయించి పంపిస్తే "కరెంటు పెట్టలేదేటి బాబూ" అని అడిగిన ముసలమ్మలు నాకు లెక్కలేనంత మంది. అందుకని హాట్ ప్యాక్ యూనిట్ ఒకటి, వ్యాక్స్ బాత్ ఒకటి ఉంచుకో తమ్ముడూ. వ్యాక్స్ 52, 54 డిగ్రీల మధ్యే ఉండాలి, మిషను మీద అంకెను నమ్మకు, విడిగా థర్మామీటర్ పెట్టి చూడు. భుజం పట్టేసినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ, చేతులకీ కాళ్లకీ స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి పెట్టేముందు ఒక గొట్టంలో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు పోసి తేడా తెలుస్తోందో లేదో చూడాలి. కాలిందంటే ఇక క్లినిక్ మూసుకోవడమే.

ఇంకోటి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి డయాలసిస్ మీద ఉన్నవాళ్లూ వస్తారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, బరువు కట్టి లాగించకూడదు. ఏ చేతికి ఉందో మొదటి రోజే కార్డు మీద పెద్దగా రాసుకో.

టెక్కలి నుంచి ఒక పేషెంట్ కొడుకు:
నాకు మిషన్ల సంగతి తెలీదు. మా నాన్నకు ఎడమ పక్క పడిపోయాక ఎనిమిది నెలలు తిప్పాను. మొదట వెళ్లిన చోట మిషన్లు బ్రహ్మాండంగా ఉండేవి, కానీ వీధిలోంచి గదిలోకి మూడు మెట్లు. రోజూ ఆటో డ్రైవరూ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించేవాళ్లం, ఆయన సిగ్గుతో తల దించేసుకునేవాడు. ఒకరోజు బాత్రూమ్‌కని తీసుకెళితే నేల మీద కూర్చునే దొడ్డి. కూర్చోబెట్టలేక, నిలబెట్టలేక... ఆ మర్నాటి నుంచి ఆయన అక్కడికి రానన్నాడు. తర్వాత వెళ్లిన చోట ఒక మంచం, ఒక కర్ర చట్రం, గోడకు పట్టుకునే కడ్డీ తప్ప ఏమీ లేవు. నడిచాడు. మీ వాటాకు ఎన్ని మెట్లున్నాయో మీరు రాయలేదు.

కొత్త ఫిజియో, శ్రీకాకుళం:
అన్నా, మీరు అడిగాక వెళ్లి కొలిచాను. రెండు మెట్లు, 14 అంగుళాలు. గుమ్మం వెడల్పు 30 అంగుళాలే. బాత్రూమ్ మీరు చెప్పినలాంటిదే. నాన్నగారి గురించి చదివాక కొటేషన్ వైపు చూడబుద్ధి కాలేదు.

పాత ఫిజియో, విజయనగరం:
అంగుళం ఎత్తుకు అడుగు వాలు కావాలి, అంటే 14 అడుగుల ర్యాంపు. వీధి వైపు అంత చోటు లేకపోతే ప్రహరీ లోపల గోడ వెంబడి మలుపు తిప్పి కట్టించు. గుమ్మం 36 అంగుళాలకు పెంచడానికీ, కమోడ్ పెట్టడానికీ ఓనరు ఒప్పుకుంటాడా లేదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాల్సింది. ఇచ్చేశావా?

కొత్త ఫిజియో, శ్రీకాకుళం:
ఒక నెలదే ఇచ్చాను గురువుగారూ. ఆదివారం ఆయన ఆమదాలవలస నుంచి వస్తారు, మాట్లాడతాను. కాదంటే ఆ నెల పోయినా వేరే వాటా చూసుకుంటాను. మిషన్ల ఆర్డర్ అప్పటిదాకా ఆపమని సప్లయర్‌కు ఇప్పుడే ఫోన్ చేశాను, బాగా అలిగాడు.