8 జీబీ కాపీ అవగానే ఎస్‌ఎస్‌డీ స్పీడు పడిపోతోంది, కారణం ఏంటి?

ప్రశ్న:
1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, క్యూఎల్‌సీ రకం, విండోస్ 11. వేరే ఎన్‌వీఎంఈ డ్రైవ్ (సాటా కంటే వేగమైన రకం) నుంచి 60 జీబీ వీడియోలు దీంట్లోకి కాపీ చేయాలి. చోటు చాలక ముందు సగమే పెడితే మొదట సెకనుకి 450 ఎంబీ వస్తోంది. 8-9 జీబీ దాటగానే 60-70కి పడిపోతోంది, మధ్యలో సున్నా కూడా చూపిస్తోంది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, రెస్పాన్స్ టైమ్ 800 మిల్లీసెకన్ల పైనే. స్పీడు కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో మాత్రం రీడ్ 540, రైట్ 480. మొత్తం 931 జీబీలో 37 జీబీ ఖాళీ ఉంది. డ్రైవ్ పోతోందా, కేబుల్ సమస్యా?

జవాబు 1:
ముందు కేబుల్ సంగతి తేల్చేయండి, రెండు నిమిషాల పని. డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర సాటా/600 అని రెండుసార్లు ఉండాలి. మొదటిది 300 అయితే పోర్ట్ మార్చండి. కింద సీ7 అనే వరుసలో సీఆర్‌సీ ఎర్రర్ల (కేబుల్ దారిలో డేటా చెడిపోయిన సందర్భాల) లెక్క ఉంటుంది. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, కాబట్టి ఎంత ఉందో రాసి పెట్టుకుని, పెద్ద కాపీ ఒకటి చేశాక పెరిగిందా అని మాత్రం చూడండి.

అడిగినవారు:
600, 600 ఉందండి. సీ7 సున్నా. కాపీ తర్వాత కూడా సున్నానే.

జవాబు 2:
అయితే కేబుల్ కాదు, డ్రైవ్ కూడా పోవట్లేదు. ఎస్‌ఎల్‌సీ క్యాష్ (డ్రైవ్ వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండిపోతోంది.

క్యూఎల్‌సీలో ఒక్కో సెల్‌లో 4 బిట్లు పడతాయి, కానీ అలా రాయడం చాలా నెమ్మది. అందుకే డ్రైవ్‌ని నడిపే చిప్, అంటే కంట్రోలర్, ఖాళీ సెల్స్‌లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసేసి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. అంటే 4 జీబీ ఖాళీకి 1 జీబీ క్యాష్. మీ 37ని 4తో భాగించండి: 9 జీబీ. సరిగ్గా మీ స్పీడు పడిపోయేది అక్కడే! తర్వాత కనిపించేది క్యూఎల్‌సీ అసలు వేగం. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ మోడల్‌కి క్యాష్ అయిపోయాక సెకనుకి 80 ఎంబీ అని కంపెనీయే ఇచ్చింది, అందులో 2 టీబీకి 160. చిప్‌లు ఎక్కువైతే ఒకేసారి ఎక్కువ చోట్ల రాయగలదు కాబట్టి ఆ తేడా.

బెంచ్‌మార్క్ మామూలుగా 1 జీబీ ఫైల్‌తోనే పరీక్షిస్తుంది. అది క్యాష్‌లోనే పట్టేస్తుంది, అందుకే అక్కడ అంతా బాగానే కనిపించింది.

చేయాల్సింది: కనీసం 150-200 జీబీ ఖాళీ చేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి, అందులో ఉన్నంతసేపు ఆ ఫైల్స్ చోటు వదలవు. తర్వాత స్టార్ట్‌లో డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిచి, మీడియా టైప్ సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసి ఆప్టిమైజ్ నొక్కండి. అలా ఉంటే అది డీఫ్రాగ్ చేయదు, ట్రిమ్ పంపుతుంది, అంటే ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డ్రైవ్‌కి చెబుతుంది. ఆ తర్వాత స్లీప్‌లోకి పోనివ్వకుండా ఒక గంట ఊరికే ఆన్‌లో వదిలేయండి. సర్దుకునే పని కంట్రోలర్ అప్పుడే చేస్తుంది.

జవాబు 3:
పై లెక్క కరెక్టే గానీ, 200 జీబీ ఖాళీ చేస్తే కచ్చితంగా 50 జీబీ క్యాష్ వస్తుందని అనుకోవద్దు. చాలా ఫర్మ్‌వేర్లు (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) క్యాష్‌కి ఒక పరిమితి పెడతాయి, ఆ 870 క్యూవీఓ 1 టీబీకే గరిష్ఠం 42 జీబీ. 60 జీబీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా, మధ్యలో కాస్త విరామం ఇచ్చి కాపీ చేయండి. రోజూ ఇంతింత వీడియో రాసే పని ఉంటే మాత్రం టీఎల్‌సీ (సెల్‌కి 3 బిట్లు) రకం, సొంత డీ-ర్యామ్ మెమరీ ఉన్న డ్రైవ్ తీసుకుని, దీన్ని చదవడానికే వాడటం మంచిది.

అడిగినవారు:
190 జీబీ ఖాళీ చేసి, ఆప్టిమైజ్ కొట్టి, గంటన్నర వదిలేశాను. మొత్తం 60 జీబీ ఒకేసారి కాపీ పెడితే ఇప్పుడు 38 జీబీ దాకా 450 నిలిచింది, ఆ తర్వాతే 75కి వచ్చింది. ఇకపై పెద్ద కాపీలు రెండు విడతలుగా చేస్తానండి.