సంరక్షణ కేంద్రంలో అత్తగారు, ఇంట్లో పదో తరగతి పరీక్షలు

ప్రశ్న: మతిమరుపు వ్యాధితో బాధపడుతున్న మా అత్తగారిని హైదరాబాదు శివార్లలోని సంరక్షణ కేంద్రంలో చేర్చి ఆరు నెలలైంది. అబ్బాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నందున, ఆఫీసు ముగించుకుని రాత్రి ఏడింటికి వెళ్తుంటే, ఆవిడ నన్ను గుర్తుపట్టక, ఇంటికి తీసుకెళ్లమని ఏడుస్తున్నారు. వెళ్లడం మానలేను, ఇలా కొనసాగించనూ లేను. ఏం చేయమంటారు?

జవాబు 1: వేళ మార్చి చూడండి. ఈ వ్యాధి ఉన్న చాలామందికి పొద్దువాలేసరికి తికమక, ఆందోళన పెరుగుతాయి. మా నాన్నగారి దగ్గరికి ఉదయం ఫలహారం అయ్యాక వెళ్లడం మొదలుపెట్టాక, నా పేరు చెప్పలేకపోయినా చేయి పట్టుకుని కూర్చునేవారు.

జవాబు 2: ‘నేనెవరో చెప్పండి’ అని మాత్రం పరీక్ష పెట్టకండి. చేతికి అలవాటైన పని ఏదైనా ఇవ్వండి. వృద్ధుల సహాయానికి 14567 నంబరు కూడా ఉంది.

ప్రశ్న అడిగినవారు: ఆదివారం ఉదయం దూది తీసుకెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు గానీ, గంటసేపు వత్తులు చేశారు.