చాల్‌గ్రోవ్ పొలంలో జాన్ హాంప్డెన్‌ను బలిగొన్నది ఎవరి పిస్తోలు?

చర్చ ప్రారంభించినవారు:
ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, 1643 జూన్ 18 ఆదివారం నాడు, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి చాల్‌గ్రోవ్ ఊరి ధాన్యపు పొలంలో రాజు మేనల్లుడు రూపర్ట్ ఆశ్వికులకూ పార్లమెంటు ఆశ్వికులకూ జరిగిన పోరు చాలా చిన్నది. పార్లమెంటు సేనాధిపతి ఎసెక్స్ ప్రభువు సైన్యానికి వెళ్తున్న 21,000 పౌండ్ల జీతాల సొమ్మును పట్టుకోవడానికి వచ్చిన రూపర్ట్‌కు అది దక్కలేదు. రాజు వేసిన నౌకా పన్ను కింద 20 షిల్లింగులు కట్టనని న్యాయస్థానంలో నిలిచిన పార్లమెంటు నాయకుడు జాన్ హాంప్డెన్ అక్కడ గాయపడి, ఆరు రోజులకు థేమ్‌లో కన్నుమూయకపోతే ఈ పోరు ఊసు ఎవరూ ఎత్తేవారు కారేమో.

శత్రువుల తూటాయే చంపిందని అందరూ అంటారు. నాకు మాత్రం, హాంప్డెన్ అల్లుడు సర్ రాబర్ట్ పై (Pye) చెప్పినట్టు ప్రచారంలోకి వచ్చిన మాటే నిజమనిపిస్తుంది: నౌకరు పాత తుపాకి మందు తీయకుండా రోజూ కొత్త మందు కూరడంతో సొంత పిస్తోలే పేలి చెయ్యి ఛిద్రమైంది. 1828లో హాంప్డెన్ జీవితచరిత్ర రాసిన లార్డ్ నుజెంట్ గ్రేట్ హాంప్డెన్ చర్చిలో సమాధి తవ్విస్తే, శవం చెయ్యి తెగి విడిగా కనిపించింది కదా.

మొదటి సమాధానం:
ఆ శవం హాంప్డెన్‌దేనా అన్నదే తేలలేదు. దాని చేతిని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం? పోరు జరిగిన మరునాడే ఎసెక్స్ రాసిన లేఖలో తూటా భుజంలోంచి దూసుకుపోయిందని ఉంది. రాజు పక్షానికి చెందిన చరిత్రకారుడు క్లారెండన్ కూడా తూటాలు భుజం ఎముకను విరిచాయనే రాశారు. పిస్తోలు కథ అచ్చులోకి వచ్చింది 18వ శతాబ్దంలో.

చర్చ ప్రారంభించినవారు:
తమ నాయకుడు సొంత ఆయుధం పేలి పోయాడంటే పరువు తక్కువని పార్లమెంటు వారు దాచి ఉండవచ్చు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
వారు దాచారే అనుకుందాం, రాజు మనుషులు ఎందుకు దాచాలి? దేవుడే శిక్షించాడని ఊరూరా చాటుకునేవారు. క్లారెండన్ నమోదు చేసిన మరో మాట చూడండి: పోరు ముగియకముందే హాంప్డెన్ తల వాల్చేసి, చేతులు గుర్రం మెడపై ఆనించి పొలం దాటిపోవడం చూశానని ఒక బందీ చెప్పాడు. అరచెయ్యి తునకలైన మనిషి దానిపై బరువు మోపి స్వారీ చేయగలడా?

చర్చ ప్రారంభించినవారు:
గుర్రం మెడపై చేతుల సంగతి నాకు తట్టలేదు. అల్లుడి మాటను పూర్తిగా కొట్టేయలేను గానీ, పేరైనా మిగలని ఆ నౌకరుపై నేను మోపిన నిందను ఉపసంహరించుకుంటున్నాను.