పడవకి సెడార్ బద్దలు కోస్తున్నా, మందం నిలవడం లేదు
నమస్కారమండీ. సియాటిల్ దగ్గర ఉంటాం. 16 అడుగుల కనూ ఒకటి గ్యారేజీలోనే కట్టుకుందామని మొదలుపెట్టాను. ముప్పావు అంగుళం మందం, 18 అడుగుల పొడవున్న వెస్టర్న్ రెడ్ సెడార్ పలకలు తెచ్చాను. వీటి నుంచి పావు అంగుళం బద్దలు తీయాలి.

టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం) మీద మొదటి నాలుగడుగులు బాగానే వస్తోంది. తర్వాత పలక కొస కిందికి వేలాడి, ఫెన్స్ (పలకని ఆనించి తోసే పక్క పట్టీ) నుంచి పక్కకి జరిగిపోతోంది. దాంతో బద్ద ఒకచోట మందం, ఒకచోట పల్చన. బ్లేడుకి ముందువైపు ఫెదర్‌బోర్డు (పలకని ఫెన్స్‌కి నొక్కి ఉంచే దువ్వెనలాంటి చెక్క) బిగించాను. అవతల మా ఆవిడ పట్టుకుంటోంది గానీ, తను లాగితే ఒకలా, లాగకపోతే ఒకలా వస్తోంది (ఈ మాట ఇంట్లో అనలేదు).

ఇంకో బాధ పొట్టు. నా బ్లేడు గాటు అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే రెండు బద్దలు తీస్తే ఒక బద్దంత చెక్క పొట్టైపోతున్నట్టే. కొన్న ధర గుర్తొస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

సన్న బ్లేడు వేస్తే ఇంత పొడవు కోతలో వంగుతుందా? పలకను బల్లల మీద కదలకుండా బిగించి, చేతి సర్క్యులర్ సాకి గైడు కట్టి నడిపించడం మేలా? అలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా? బద్దలు ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా అంచులకి బీడ్ (ఉబ్బు), కోవ్ (గాడి) తీయాలి కాబట్టి మందంలో ఎంత తేడా వరకు పరవాలేదు? ఇప్పటికే కోసిన పన్నెండు బద్దల్ని చిత్రిక పట్టి సరిచేయొచ్చా, పక్కన పెట్టేయాలా?