రేపు రేస్ అంటే ఇవాళే వాంతులు. మీ పిల్లలకీ ఇంతేనా?

హర్డిల్స్_నాన్న (విజయనగరం): మా పాపకి పదహారేళ్లు, 100 మీటర్ల హర్డిల్స్. ప్రాక్టీసులో స్టాప్‌వాచ్ చూస్తే మాకే నమ్మబుద్ధి కాదు. మీట్ అనేసరికి ముందు రాత్రి నిద్రుండదు, పొద్దున తిన్న ఇడ్లీ ముక్క బయటికొచ్చేస్తుంది. మొన్న సెలక్షన్స్‌లో మూడో హర్డిల్ తన్నేసి ఆగిపోయింది. కోచ్ "భయం వదిలెయ్" అంటారు. ఎలా వదలాలో చెప్పరు.

షటిల్_అమ్మ (గుంటూరు): అన్నయ్యగారూ, ఏమనుకోకపోతే ఒకటి అడుగుతాను. గ్రౌండ్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మీరేం మాట్లాడతారు? మావారు మ్యాచ్ అయిన ప్రతిసారీ కారులో పాయింటు పాయింటూ తిరగేసేవారు. బాబు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు నాతో "నాన్న రాకపోతే బాగుణ్ణమ్మా" అన్నాడు. అప్పట్నుంచీ వాడు ఎత్తితేనే మ్యాచ్ మాట. మొదటి నెల మావారి అవస్థ చూడాలి! ఇప్పుడు వాడే చెప్తున్నాడు.

హర్డిల్స్_నాన్న: పట్టేశారమ్మా. నేనైతే వీడియో తీసి మరీ చూపిస్తాను.

పాత_రైడర్ (నల్గొండ): అన్నా, నేను యూనివర్సిటీ దాకా కబడ్డీ ఆడిన. కోర్టుల దిగే ముందు చేతులు వణికేవి. మా సీనియర్ ఒకటే నేర్పిండు. నాలుగు లెక్కబెడుతూ ఊపిరి తీసుకో, ఆరు లెక్కబెడుతూ వదులు. వదిలేది పొడుగుంటే దడ తగ్గుతది. మ్యాచ్ రోజే షురూ చేస్తే మాత్రం పనిచెయ్యదు, రెండు నెలలు రోజూ చేసిన. వణుకైతే పూర్తిగ పోలే. వణుక్కుంటనే ఆడుడు అలవాటైంది.

వైజాగ్_ట్రాక్: మన జ్యోతి యర్రాజి రేస్ చూపించండి. 2023 అక్టోబర్ 1, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, ఇదే 100 హర్డిల్స్. పక్కనున్న చైనా అమ్మాయి ముందే కదిలితే అధికారులు జ్యోతినీ తప్పించబోయారు. అక్కడే నిలబడి వాదించింది, మళ్లీ బ్లాక్స్‌లో (పరుగు మొదలెట్టేటప్పుడు కాళ్లు ఆనించే దిమ్మలు) కూర్చుని 12.91 సెకన్లలో పరిగెత్తింది. తర్వాత ఆ చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో కంచు కాస్తా వెండి అయింది.

షటిల్_అమ్మ: చూపించండి గానీ "చూశావా, ఆ అమ్మాయి ఎలా తట్టుకుందో" అనకండి, అదో కొత్త బరువు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో గాల్లో ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియక టీమ్ ఫైనల్ మధ్యలోనే తప్పుకుంది. పారిస్‌లో 3 స్వర్ణాలు కొట్టింది. అది కూడా చెప్పండి.

ఫిజియో_వైజాగ్: నిద్ర సంగతి ఎవరూ అడగలేదేం? నాలుగున్నరకి గ్రౌండ్, తర్వాత కాలేజీ, సాయంత్రం మళ్లీ గ్రౌండ్, రాత్రి ట్యూషన్... ఇలా ఉంటే భయం కన్నా అలసటే ఎక్కువ కావచ్చు. ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు పడుకోవాలి. నెలసరి సరిగ్గా వస్తోందా అని వాళ్లమ్మ చేత అడిగించండి. పరుగుకి తగ్గ తిండి లేకపోతే అది ఆగిపోతుంది, ఎముకలూ దెబ్బతింటాయి. మామూలు రోజుల్లోనూ వాంతులుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

హర్డిల్స్_నాన్న (ఆరు వారాల తర్వాత): రాత్రి ట్యూషన్ మాన్పించాం. స్పోర్ట్స్ కోటా సీటు గురించి ఇంట్లో ఎత్తొద్దని బావమరిదికి కూడా చెప్పేశాను (అలిగాడు). నిన్న మీట్. పొద్దున ఒకసారి వాంతయింది. నేను లోపలికెళ్లకుండా గేటు బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. నాలుగో స్థానం, పది హర్డిల్సూ దాటింది. ఈ సంగతి సగం దారిలో తనే చెప్పింది.
పాత రైడర్ తమ్ముడూ, ఆ నాలుగు-ఆరు ఊపిరి బ్లాక్స్‌లో కూర్చున్నాక చెయ్యాలా, కాల్ రూమ్‌లోనా (రేస్ ముందు కూర్చోబెట్టే గది)?

పాత_రైడర్: కాల్ రూమ్‌లనే అన్నా. బ్లాక్స్‌ల లెక్కబెట్టుకుంట కూసుంటే తుపాకీ చప్పుడు ఇనబడదు.