పులికాట్ రాజహంసలకు ఏ జూమ్ లెన్స్ తీసుకోవాలి?

మాది నెల్లూరు. నా దగ్గర నికాన్ డి7500 కెమెరా, 70-300 ఎంఎం లెన్స్ ఉన్నాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడబాతులు కాస్త దగ్గరగానే ఉంటాయి కాబట్టి 300తో నెట్టుకొస్తున్నాను. ఇబ్బందంతా పులికాట్‌తోనే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడి తీస్తే రాజహంసలు నీళ్ల మీద గులాబీ గీతలా పడుతున్నాయి, అంతే. క్రాప్ చేస్తే ముక్కు చివర నలుపు కూడా తెలియట్లేదు.

సెకండ్ హ్యాండ్‌లో రెండు చూసి పెట్టుకున్నాను: నికాన్ 200-500, టామ్రాన్ 150-600 జీ2. నికాన్ 500 దగ్గర కూడా ఎఫ్/5.6 (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది) ఇస్తుంది, పొద్దున్నే వెలుతురు తక్కువున్నప్పుడు అది నయం. టామ్రాన్ 600 దగ్గర 6.3కి పడిపోతుంది. నా కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ దూరాన్ని 1.5 రెట్లుగా లెక్కేస్తే 750కీ 900కీ మధ్య తేడా అన్నమాట. ఎండెక్కి నీళ్ల మీద సెగ ఆడుతుంటే ఆ 900 నిజంగా పనికొస్తుందా?

బరువు ఇంకో టెన్షన్. నికాన్ 2.3 కిలోలు, టామ్రాన్ దాదాపు 2. ఉదయగిరి కోట ఎక్కేటప్పుడు ఇంత మోయడం నావల్ల కాదు, ట్రైపాడ్ సంగతి సరేసరి. ఊళ్లు తిరగడానికి 70-300 ఉంచుకుని, పెద్దది పక్షులకే వాడుకోవడం మేలా? చేత్తో పట్టుకుని తీసే అలవాటున్నవాళ్లు చెప్పండి. పాత లెన్స్‌లో ఫంగస్ కాకుండా ఇంకేం చూసుకోవాలో కూడా కాస్త చెబుదురూ.