దయ్యాన్ని చూపించని హారర్ నిజంగా భయపెడుతుందా?

మారతహళ్లి పీజీ:
శనివారం రాత్రి మా పీజీలో ప్రొజెక్టర్ పెడుతున్నాం. నెత్తురు, నరుకుడు లేకుండా భయపెట్టే పాత సినిమా ఏదైనా చెప్పండి. మా రూమ్మేటేమో దయ్యం కనపడకపోతే అది హారరే కాదంటున్నాడు. మీరేమంటారు?

బీటీఎం లేఅవుట్:
మీవాడిని 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ ముందు కూర్చోబెట్టండి. వాల్ లూటన్ నిర్మాత, జాక్ టూర్నర్ దర్శకుడు. బడ్జెట్ తక్కువ కావడంతో నీడలతో, చప్పుళ్లతోనే పని కానిచ్చారు. అదే ఆ సినిమాకి బలం. తాను చిరుతగా మారిపోతానని భయపడే ఒకావిడ, తన భర్తతో చనువుగా ఉండే అమ్మాయి వెంట పడుతుంది. రాత్రి పూట, పార్కు గోడ పక్క ఫుట్‌పాత్. రెండు జతల హీల్స్ టకటకలు. మ్యూజిక్ లేదు. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. ముందున్న అమ్మాయి నడక పరుగవుతుంది. మనకి కనిపించేది ఖాళీ రోడ్డూ వీధి దీపాలూ, అంతే. వెనక వస్తున్నది ఇంకా రెండు కాళ్ల మీదే ఉందా అన్న అనుమానం మన బుర్రలో పుడుతుంది. ఏ మేకప్ మ్యానూ దాన్ని చేసివ్వలేడు. తర్వాత స్విమ్మింగ్ పూల్ సీనొకటి ఉంది. అది చెప్పను, చూడాల్సిందే.

ఎలక్ట్రానిక్ సిటీ:
నేనొప్పుకోనన్నా. 1982 ‘ద థింగ్’ ఉంది కదా, మనుషుల రూపం ఎత్తే గ్రహాంతర జీవి కథ. అందులో మనిషి ఒళ్లు చీలి ఇంకేదో బయటికి రావడం చూపించకపోతే, పక్కనున్నవాడు మనిషా కాదా అన్న టెన్షన్ ఎక్కడిది? ఒకసారి కళ్లారా చూశాం కాబట్టే ఆ అనుమానం. చూపించి భయపెట్టడమూ పనితనమే.

బీటీఎం లేఅవుట్:
పనితనం కాదని నేననలేదు తమ్ముడూ. అదే సినిమాలో ఎవరు మనిషో, ఎవరు కాదో తేల్చే రక్తపరీక్ష గుర్తు తెచ్చుకో. కాల్చిన తీగని ఒక్కొక్కరి రక్తంలో పెడుతుంటే మనం ఊపిరి బిగబట్టేది ఇంకా ఏమీ జరగనప్పుడే. జరిగాక భయం పోయి గోల మొదలవుతుంది.

బాణసవాడి:
నా ఓటు రాబర్ట్ వైజ్ తీసిన ‘ద హాంటింగ్’కి, 1963. చీకట్లో స్నేహితురాలే తన చెయ్యి నలిగిపోయేలా పట్టుకుందనుకుంటుంది ఒకమ్మాయి. లైటు వెలిగాక చూస్తే ఆమె గదిలో అటు పక్క ఉంటుంది. మరి ఆ చెయ్యి ఎవరిది? సినిమా చివరిదాకా చెప్పరు. తెలుగే కావాలంటే 1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ ఉండనే ఉంది. రేవతి కళ్లు చాలు.

బీటీఎం లేఅవుట్:
ఏది వేసినా ల్యాప్‌టాప్ స్పీకర్‌తో మాత్రం వద్దు. ఇలాంటి సినిమాల్లో సగం కథ చప్పుడే చెబుతుంది.

మారతహళ్లి పీజీ:
పై ఫ్లోర్ వాళ్ల దగ్గర పెద్ద స్పీకర్ ఉంది, అడిగి తెస్తాం. ‘క్యాట్ పీపుల్’ 73 నిమిషాలేనట. అదయ్యాక ‘ద థింగ్’ కూడా వేస్తాం. రూమ్మేట్ ఏమన్నాడో ఆదివారం ఇక్కడే రాస్తాను.